తప్పు బట్ట

పోయిన వారం రజితను దుకాణం మధ్యలో నోరు తెరుచుకుని నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే వదిలేశాం. అప్పటినుంచి పాపం అలాగే ఉంది. ఆమెను కదిలించే ముందు కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి ఒక సందు లోపలికి వస్తే బిక్షపతి చీరల దుకాణం. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం ఇంట పుట్టి, నేయడం కన్నా నేసింది అమ్మడంలోనే నాలుగు మెతుకులున్నాయని కనిపెట్టి పట్నం వచ్చినవాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు రజిత ఎం.ఏ. రెండో ఏడు చదువుతోంది. కళల్లో వైవిధ్యం, తెల్లవాళ్ల పాలన పోయాక మన కళను మనం చూసుకునే తీరు, అదీ ఆమె చదువు. ‘అమ్మాయి ఏం చదువుతుంది?’ అని గిరాకీ ఎవరైనా అడిగితే బిక్షపతి ‘బట్టల మీద పెద్ద సదువు’ అని చెప్పి, అంతకన్నా లోతుకు పోకుండా ఇంకో చీర విప్పేస్తాడు.

గల్లా వెనక గోడకు అద్దం బిగించిన పాత రుమాలు ఒకటుంది, తలకు చుట్టుకునేంత పెద్ద చదరపు బట్ట. ఎరుపు మీద నలుపు, తెలుపు. దాని నిండా చిన్న చిన్న గడియారాలు. ఒక గడియారంలో మూడు గంటలవుతుంది, పక్కదాంట్లో తొమ్మిది, దాని పక్కన మళ్లీ మూడు. తాత ముత్తయ్య నేసిన బట్ట. ఆయన పోయాక పెట్టె అడుగున దొరికితే బిక్షపతి తెచ్చి గోడకెక్కించాడు. రజిత తన సిద్ధాంత వ్యాసంలో మూడో అధ్యాయం మొత్తం ఆ రుమాలు మీదే రాసింది. దేశమంతటికీ ఒకే గంట కొట్టించిన దొరల కాలాన్ని నేతగాడు ఒప్పుకోలేదని, తన బట్టలో తన కాలాన్ని తానే నడిపించుకున్నాడని. గైడ్ బిందుమాధవి అది చదివి ముచ్చటపడి, రుమాలును తన ఎగ్జిబిషన్లోకి తీసుకుంది. ఆదివారం ప్రారంభం. బట్ట కింద పెట్టే చీటీ మీది మాటలు ఈ సాయంత్రానికి ప్రెస్సుకు వెళ్లాలి.

అదిగో, అలాంటి రోజు మధ్యాహ్నం, కంటి ఆపరేషన్ కోసం ఊరి నుంచి వచ్చి తమ్ముడు బిక్షపతి ఇంట్లో దిగిన రాధమ్మ మొదటిసారి దుకాణంలో కాలుపెట్టింది. నల్లద్దాలు నుదుటి మీదికి జరిపి గోడ వంక చూసి, “గీ తప్పు బట్టను గోడకెందుకు ఎక్కిచ్చిండ్రు?” అంది.

“తప్పు బట్ట ఏంది అత్తమ్మా?” రజితకు ఎట్టకేలకు మాట వచ్చింది.

అక్క జవాబు చెప్పేలోపే బిక్షపతి అందుకున్నాడు. “అక్కా, ఆపరేషనై వారం గాలె. కండ్లకు కష్టం పెట్టకు. అద్దాలు పెట్టుకోని జర గా మూలకు కూసో, చాయ్ చెప్తా.”

“కండ్లు మంచిగైనయి గాబట్టే కనవడ్తున్నయిరా.”

రాధమ్మ కూర్చోలేదు. చీరలు పరిచే తెల్లటి పరుపు అంచున నిలబడి, గోడకేసి చెయ్యి చాపి ఒక గడియారాన్ని, పక్కదాన్ని చూపించింది.

“పడుగు మడత పెట్టి గదా బిడ్డా చిటికి కడ్తం. ఒక్కపారి గడితె రెండు దిక్కుల ఒస్తదని. పువ్వు గట్టు, డైమండ్ గట్టు, మడత ఇప్పినంక రెండూ ఒక్కతీరే ఉంటయి. గడియారం అట్లుండది. ముల్లు గీ దిక్కు పెడితె, మడత ఇప్పెటాలకు గా దిక్కు పోతది. అది నాకప్పుడు తోచలె.”

మగ్గాల ఇళ్లలో దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పడుగు అంటే మగ్గం మీద నిలువునా సాగే నూలు. దాన్ని నేయకముందే బొమ్మ ప్రకారం అక్కడక్కడ గట్టిగా చిటికి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. తర్వాత కట్లు విప్పి నేస్తే బొమ్మ తేలుతుంది. పనిలో సగం కలిసొస్తుందని నూలును మడిచి కడతారు. మడిచారంటే రెండో సగంలో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. మూడు తొమ్మిదైపోతుంది. రజితకు ఈ సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ గడియారాల మీద అన్ని పేజీలు రాసేటప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు. దొరల కాలం, దేశి కాలం అని రాసుకుంటూ పోయింది. కాసేపటికి గానీ అత్తమ్మ మాటల్లో అసలు మాట చెవికెక్కలేదు.

“నీకు తోచలేదా? అంటే?”

“మరెవలికి? కట్టింది నేనే గదా. నమూనా గీసింది నేనే. బీబీనగర్ టేషన్ల గడియారం జూసొచ్చి గీసిన. నాయిన నేసిండు.”

“గా ముచ్చట్లన్ని ఇప్పుడెందుకక్కా?” బిక్షపతి గొంతు పెరిగింది. “మగ్గం మీద కూసున్నది నాయిన. కట్టుడు ఇంటిల్లిపాది కడ్తరు. కట్టినోళ్లందరి పేర్లు రాస్తరా? రజితా, ముత్తయ్య అని రాసి పంపిచ్చెయ్. ప్రెస్సాయన రెండుసార్లు ఫోన్ చేసిండు.”

“కట్టుడు వేరు నాయినా. నమూనా గీసుడు వేరు.”

“వేరే. అందుకే మనింట్ల ఆడపిల్ల నమూనా గీయొద్దు.” ఆ మాట అనాలని బిక్షపతి అనుకోలేదు.

రజితకు ఆ కట్టుబాటు తెలియదు. ఎవరూ చెప్పలేదు. మగ్గం లేని ఇంట్లో పెరిగిన పిల్లకు చెప్పాల్సిన పని రాలేదు. రాధమ్మే చెప్పింది, వంటింటి సంగతి చెప్పినంత మామూలుగా. ఆ ఇంట్లో కోడళ్లకు నమూనాలు నేర్పుతారు, కూతుళ్లకు నేర్పరు. కూతురు లగ్గమై పోతుంది, నమూనా ఆమెతో పాటే పక్కింటి మగ్గం ఎక్కుతుంది. రాధమ్మకు ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది. తల్లికి జ్వరమొచ్చి మంచాన పడ్డప్పుడు, బట్టలు కొనే సేఠు పెట్టిన గడువు దగ్గరపడ్డప్పుడు, ముత్తయ్య గత్యంతరం లేక ఒక్కసారి ఒప్పుకున్నాడు. ఆ ఒక్కసారికీ ఈ రుమాలు వచ్చింది. సేఠు తిప్పి పంపాడు.

“నాయిన కొట్టలె,” అంది రాధమ్మ. “కొట్టినా బాగుండు. మడిచి పెట్టెల పెట్టిండు. నాతోని మాట్లాడలె.”

తన వ్యాసం మొదటి అధ్యాయంలో రజిత ఎవరి మీద విరుచుకుపడిందో ఆమెకు గుర్తొచ్చింది. పూర్వం ఒక దొర మన బట్టలన్నీ పోగేసి జాబితా రాయించి, నేసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ‘ఎవరో నేటివ్’ అని రాయించాడు. ఆ దొరను ఆమె ఉతికి ఆరేసింది. ఇప్పుడు ముత్తయ్య అని చీటీ రాసి పంపితే, ఆ దొరకూ తనకూ తేడా ఏమిటి? దొరకైతే అడగడానికి ఎవరూ లేరు. తనకు ఎదురుగా మనిషి నిలబడి ఉంది.

బిందుమాధవి వచ్చేసరికి పరిస్థితి ఇది. రుమాలును జాగ్రత్తగా చుట్టి తీసుకెళ్లడానికి బుడగల ప్లాస్టిక్ చుట్ట చంకన పెట్టుకుని, వనస్థలిపురం నుంచి తనే కారు నడుపుకుంటూ వచ్చింది. ఆమె తండ్రి త్రినాథరావు చేనేత శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఊరూరా తిరిగి ఆయన పోగుచేసిన పాత బట్టలే ఆదివారం ఎగ్జిబిషన్లో ముప్పాతిక మువ్వీసం. కూతురు వాటికి అర్థాలు చెప్పే పంతులమ్మ అయింది.

రజిత ఏదీ దాచలేదు. మడత సంగతి, అత్తమ్మ సంగతి, మూడో అధ్యాయం గంగలో కలిసిన సంగతి అన్నీ చెప్పేసింది. బిందుమాధవి కళ్లద్దాలు తీసి పమిట కొంగుతో తుడుచుకుంది. తిడుతుందనుకుంది రజిత.

“గంగలో ఏం కలవలేదులే. చూసేవాళ్లకి ఒక అర్థం తోస్తే అది అబద్ధం కాదు రజితా. నేసినవాళ్లు అదే అనుకుని నేశారని రాశావు చూడు, అదీ అబద్ధం. నేను చదివి కూడా పట్టుకోలేదు, నాదీ తప్పే. ఆ వాక్యాలు కొట్టేద్దాం.” మళ్లీ అద్దాలు పెట్టుకుని రాధమ్మ వైపు తిరిగింది. ఆమె మొహం వెలిగిపోతోంది. “అసలు ఇదే బావుంది. ఇన్నాళ్లూ పేరు లేకుండా ఉండిపోయిన మనిషి మన ఎదురుగా ఉన్నారు. చీటీ మీద మీ పేరే వేస్తామండీ. రూపకర్త రాధమ్మ గారు.”

“వద్దు.”

“ఎందుకండీ? మీ పని మీ పేరు మీద ఉండటం న్యాయం కదా?”

“నా పేరు ఏడ లేకున్నా ఊకున్న. ఇన్నేండ్లకు పెట్టక పెట్టక ఒక్కపారి పెడితె, గా తప్పుకే పెట్టాల్నా?” రాధమ్మ గొంతులో కోపం లేదు. అడిగి తెలుసుకుంటున్నట్టే ఉంది. “మీరు పిల్లప్పుడు తప్పు లెక్క జేసిన పలక ఒకటి దెచ్చి, గోడకు తగిలిచ్చి, కింద మీ పేరు రాసి, పదిమందిని పిలిస్తె మీరు ఒప్పుకుంటరా మేడమ్?”

బిందుమాధవి నిజాయితీ గల మనిషి కాబట్టి ఒప్పుకోనని తల అడ్డంగా ఊపింది. రజిత చదివిన పుస్తకాలన్నీ పేరు లేనివాళ్లకు పేరు ఇవ్వాలనే చెప్పాయి. ఇస్తే వాళ్లు పుచ్చుకుంటారా అని అడిగి చూడమని ఒక్కటీ చెప్పలేదు. అత్తమ్మ మీద జాలి వేసిందని చెబితే అది అబద్ధం. గర్వం కలిగింది. దాంతోపాటే భయం కూడా వేసింది, సాయంత్రానికి చీటీ మీద ఏం రాయాలో తెలియక.

“సరేనండీ. మీకు ఇష్టం లేనిది రాయం,” అంది బిందుమాధవి చివరికి. “కానీ మీరు తప్పకుండా రావాలి. రజితతో పాటు రండి, నేను దగ్గరుండి అన్నీ చూపిస్తాను.” అని సంచిలోంచి ఆహ్వానపత్రిక తీసి, రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది.

రాధమ్మ చదువుకోలేదు. ఆహ్వానం వెనక్కి తిప్పి అట్ట మీది బొమ్మ చూసింది. అది ఎగ్జిబిషన్ మొత్తానికి తలమానికమైన రుమాలు. త్రినాథరావు సేకరణలోది. అదే ఎరుపు, అదే నలుపు. నిండా గడియారాలు, అన్నిట్లోనూ ఆరు గంటలే. ముల్లు ఒకటి నిటారుగా పైకి, ఇంకొకటి నిటారుగా కిందికి. బొమ్మ కింద బిందుమాధవి స్వయంగా రాసిన వాక్యం: ‘ఆరు గంటలు: ఒక సామ్రాజ్యానికి సాయంకాలం’. రజిత ఆ వాక్యాన్ని నలుగురు స్నేహితులకు పంపి మరీ మెచ్చుకుంది.

రాధమ్మ నల్లద్దాలు పూర్తిగా తీసి పరుపు మీద పెట్టింది. కార్డును వెలుతురుకు పట్టుకుంది. బొటనవేలితో ఒక గడియారాన్ని రుద్దింది, కాగితమని తెలిసి కూడా.

“గిది యాడ దొరికింది మీకు?”

“మా నాన్నగారి సేకరణలోదండీ. చాలా గొప్ప పని. నేసినవారు, గీసినవారు ఎవరో తెలియదు.”

“ఎందుకు తెల్వది? గిది నాది.”

బిక్షపతి అప్పటికే మడిచి ఉన్న చీరను విప్పి మళ్లీ మడవడం మొదలుపెట్టాడు.

“తప్పు దిద్దుకున్న,” రాధమ్మ కార్డు మీంచి కళ్లు తీయలేదు. “ఎట్ల జేస్తె మడతకు మోసం రాదని మస్తు ఆలోచన జేసిన. ముండ్లు రెండు నిలువుగ ఉంటె అటు మడిచినా ఇటు మడిచినా ఒక్కటే. అందుకే ఆరు పెట్టిన. నాయినకు తెల్వకుంట గట్టిన. మేనమామ మగ్గం మీద నేయించిన. నాయినకు చూపెట్టాల్నని ఉండె, ధైర్యం చాలలె.”

సామ్రాజ్యానికి సాయంకాలం. రజిత బిందుమాధవి వంక చూడకుండా ఉండటానికి నేల చూసింది. బిందుమాధవి కూడా నేలే చూస్తోంది.

“గప్పుడే ఒక ఆఫీసరాయినె జీపుల ఒచ్చిండు. పొడుగ్గ, సన్నగ, మీ తీరుగనే మాట్లాడెటోడు. బట్టను జూసి ఇంత మంచిగెట్ల గట్టిన్రని పరేషానైండు. ఢిల్లీల పోటీకి పెడ్త, ప్రైజొస్తది, మళ్ల తెచ్చి మీ నాయిన చేతికే ఇస్త అన్నడు. నా పేరు అడిగిండు. నేను చెప్పిన. మళ్లొకసారి అడిగి నోట్ల అనుకుంటనే పోయిండు. నేను నమ్మి ఇచ్చిన.”

ఆడపిల్ల నమూనా గీయడమే కాక, గీసింది బయటి మనిషి చేతికిచ్చిందని ముత్తయ్యకు తెలిసిపోయింది. ఆ మర్నాటినుంచి రాధమ్మను కట్టనివ్వలేదు. ఆసు ముందు కూర్చోబెట్టాడు. ఆసు అంటే మేకుల చుట్టూ అటూ ఇటూ దారం తిప్పే చట్రం. పొద్దస్తమానం ఒకే చెయ్యి ఆడించాలి. బొమ్మతో పనిలేదు, బుర్రతో పనిలేదు. పెళ్లయి పోయేదాకా ఆమె అదే చేసింది. అత్తగారింట్లోనూ అదే చేసింది. ఇప్పటికీ కుడి భుజం పైకి లేవదు.

“గా బట్ట ఒస్తది, ప్రైజొస్తది, నాయిన చూస్తడు, మళ్ల కట్టనిస్తడు అనుకుంట ఎదురు జూసిన. రాలె.” రాధమ్మ కార్డును రజిత చేతిలో పెట్టింది. “పేరు పెడ్తె దీనికి పెట్టు బిడ్డా. గా గోడ మీదిదానికి నాయిన పేరే ఉండనియ్. నాకేం తక్లీఫ్ లేదు. కని దీన్ల మాత్రం తెల్వదు అని రాస్తె నేనొప్పుకోను.”

అడగాల్సింది ఒకటే అడిగింది ఆ మనిషి జీవితంలో. గోడ మీది రుమాలు చీటీకి ఇంక అడ్డేమీ లేదు, ‘నేసినది: ముత్తయ్య’ అని రాసినా అది అబద్ధం కాదు. చిక్కంతా కార్డు మీది రుమాలుతోనే. దాన్ని గీసిందెవరో తెలియదని రాయించింది ఏ దొరా కాదు. ఎదురుగా ఉన్న గైడు కన్నతండ్రి.

“మా నాన్నగారు అలాంటి మనిషి కాదండీ,” అంది బిందుమాధవి. ఆ మాట తనకే చాల్లేదనిపించి, ఫోన్ తీసింది. “మీ అందరి ముందే అడుగుతాను.” స్పీకర్ పెట్టి ఫోన్‌ను పరుపు మీద ఉంచింది.

“ఇప్పుడు ఫోనెందుకు మేడమ్,” అన్నాడు బిక్షపతి. “పెద్దమనిషి, పడుకున్నడో ఏమో. గిరాకొచ్చే టైమైంది. రేపు మాట్లాడుకుందం.”

గిరాకీ వచ్చే జాడ లేదు. సందులో ఎవరూ లేరు. అప్పటికే అవతల ఫోన్ ఎత్తారు.

“ఏంటి బిందూ? బట్ట తీసుకున్నావా?”

“నాన్నా, దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలోనే ఉన్నాను. ఒక మాట అడుగుతాను, సరిగ్గా చెప్పండి. మన ఆరు గంటల రుమాలు గీసింది ఎవరు?”

అవతల మోగుతున్న టీవీ ఆగిపోయింది.

“రాధమ్మ అని ఒక అమ్మాయి,” అన్నాడు త్రినాథరావు నెమ్మదిగా. “గడియారాల పిల్ల అనేవాణ్ణి. ఎందుకే ఇప్పుడు?”

“తెలిసి కూడా తెలియదని ఎందుకు రాయించారు నాన్నా?”

“అడిగావు కనక చెబుతున్నాను. ఆ బట్టకి ప్రైజు వచ్చింది. బట్టా ప్రైజూ ఇచ్చేద్దామని నేనే జీపేసుకుని వాళ్లూరు వెళ్లాను. ఆ అమ్మాయి చనిపోయిందన్నారు. చనిపోయిన పిల్ల పేరు ఎక్కడా రాయొద్దు, మా ఇంటికి మంచిది కాదు, బట్ట కూడా మాకు వద్దు అన్నారు. ఏం చెయ్యను? మాటిచ్చాను. ఇవాళ్టిదాకా నిలబెట్టుకున్నాను.”

“ఎవరన్నారు నాన్నా? వాళ్ల నాన్నగారా?”

“కాదు, ఆయన ఇంట్లో లేడు. ఆ అమ్మాయి తమ్ముడు. వాకిట్లో నిలబెట్టే చెప్పాడు, లోపలికి కూడా రానివ్వలేదు. మీసాలు కూడా రాలేదు పాపం, అక్క పోయిందని గుడ్ల నీళ్లు కుక్కుకుంటూ చెప్పాడు. పేరు గుర్తులేదు గానీ మొహం ఇప్పటికీ గుర్తే.”

బిక్షపతి చేతిలో చీర సగం మడతలో ఆగిపోయింది. రజిత తండ్రిని చూసింది. బిందుమాధవి చూసింది. ఫోన్‌లో త్రినాథరావు “హలో, హలో” అంటూనే ఉన్నాడు.

రాధమ్మ ఒక్కతే తొందరపడలేదు. పరుపు మీది నల్లద్దాలు తీసి మడిచి చేతిలో పట్టుకుంది. ఆపరేషనైన కళ్లతో తమ్ముణ్ణి నిదానంగా, పైనుంచి కిందిదాకా చూసింది.

“బిక్షపతీ,” అంది, “నేనెప్పుడు సచ్చిన్రా?”